కంచె చేను మేస్తే కంచెను తగలబెట్టాలా?

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో మా బడి వరండాలో మంచినీళ్ళ కుండ ఒకటి ఉండేది. దాని పక్కన రెండు గ్లాసులు బోర్లించి ఉండేవి. ఒకటి అందరికీ. రెండోది మా తరగతిలోని ఒకే ఒక్క అబ్బాయికి. అతని పెదవుల మీదా, వేళ్ళ చివర్లా పాలలాంటి తెల్లమచ్చలు ఉండేవి. ఆ గ్లాసు వేరుగా పెట్టమని ఎవరు చెప్పారో మాకు తెలియదు. ఎందుకు పెట్టారని మేమెవరమూ అడగలేదు. ఆ అబ్బాయీ అడగలేదు. లెక్కల్లో మా అందరికంటే ముందుండే ఆ అబ్బాయి, ఎంత దాహం వేసినా ఇంటికి వెళ్ళేదాకా ఓర్చుకునేవాడని చాలా ఏళ్ళ తరవాత గాని నాకు తెలియలేదు.

మీ బళ్ళో ఇప్పుడు కుండ లేకపోవచ్చు. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకుంటూ ఉండవచ్చు. కాని తెల్లమచ్చలున్న పిల్లవాడి పక్కన బెంచీ మీద చోటు ఖాళీగా ఉంటోందేమో ఒకసారి చూడండి. కబడ్డీ ఆడేటప్పుడు ఆ పిల్లను పట్టుకోవడానికి ఎవరైనా సందేహిస్తున్నారేమో గమనించండి.

ఆ మచ్చల్ని మనం బొల్లి అంటాం. డాక్టర్లు విటిలిగో అంటారు. ప్రపంచం మొత్తం మీద నూటికి సుమారు ఒకరికి ఇది ఉంటుంది. అందులో సగం మందికి ఇరవై ఏళ్ళు నిండకముందే, అంటే సరిగ్గా మీ ఈడులోనే మొదలవుతుంది. అంచేత ఇది ఎక్కడో ఉన్న జబ్బు కాదు. మీ వీధిలోనిది, మీ బడిలోనిది.

ఈ జబ్బు గురించి మన ఇళ్ళల్లో చాలా కథలు ఉన్నాయి. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందంటారు. చేపలే ముట్టనివాళ్ళకు కూడా బొల్లి వస్తోంది. చేపల పులుసు తిని పెరుగన్నం కలుపుకునే వాళ్ళు కోట్లమంది ఉన్నారు, వాళ్ళకేమీ కావడం లేదు. మరి కొందరు అది అంటుకుంటుందంటారు. అంటుకోవడానికి అందులో క్రిమి అంటూ ఉంటే గదా! బొల్లికి బాక్టీరియా కారణం కాదు, వైరస్ కారణం కాదు, బూజు కారణం కాదు. ముట్టుకున్నా, పక్కన పడుకున్నా, ఒకే గ్లాసుతో తాగినా అంటుకోదు.

మరి ఎందుకు వస్తుంది? ఇక్కడే అసలు విశేషం ఉంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణమూ అదే.

కాపలావాడి పొరపాటు

మన చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలు ఉంటాయి. ఇవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారు చేస్తాయి. ఒక్కో మెలనోసైటు తన చుట్టూ ఉన్న ముప్ఫయి, నలభై చర్మకణాలకు ఆ రంగును పంచిపెడుతుంది. చర్మకణాలు ఆ రంగును తమ కేంద్రకం మీద గొడుగులా పట్టుకుని ఎండలోని అతినీలలోహిత కిరణాలనుంచి కాపాడుకుంటాయి. నల్లగా ఉన్నవాళ్ళకు ఈ కణాలు ఎక్కువనీ, తెల్లగా ఉన్నవాళ్ళకు తక్కువనీ మీరు అనుకుంటున్నారేమో. అలా కాదు. ఎవరికైనా వీటి సంఖ్య ఇంచుమించు ఒక్కటే. తయారయ్యే రంగు ఎంత, ఎలాంటిది అన్నదే తేడా.

బొల్లి వచ్చిన చోట ఈ మెలనోసైట్లు చచ్చిపోతాయి. వాటిని చంపేది బయటి శత్రువు కాదు. మన రక్షణ వ్యవస్థకు చెందిన టీ-కణాలే! తెల్లరక్తకణాల్లో ఒక రకమైన ఈ టీ-కణాల పని, వైరస్ సోకిన కణాలను కనిపెట్టి చంపడం. అలాంటి కాపలావాళ్ళు ఇంటివాణ్ణే దొంగ అనుకుని కొట్టారన్నమాట. కంచే చేను మేసింది. ఇలా మన రక్షణ వ్యవస్థ మన మీదికే తిరగబడితే వచ్చే జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. బొల్లి వాటిలో ఒకటి.

ఇలా జరగగలదని మొదట్లో పెద్ద శాస్త్రజ్ఞులే ఊహించలేదు. జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, శరీరం తన మీద తాను దాడి చేసుకోకుండా ఏదో అడ్డు ఉండి తీరాలని వాదించాడు. అడ్డు ఉన్నమాట నిజమే. అయితే అది ఎప్పుడూ తెగని అడ్డు కాదు.

ఆ అడ్డు ఎక్కడుంది? గుండెకు కాస్త పైన, రొమ్ము ఎముక వెనక, థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. అది టీ-కణాలకు బడి. అక్కడ వాటికి ఒక పరీక్ష పెడతారు. శరీరంలోని సొంత పదార్థాలను చూపించినప్పుడు మీదికి దూకే కణం పరీక్ష తప్పినట్టే. శత్రువును పోల్చుకోవడానికి పనికిరాని కణమూ తప్పినట్టే. మీ పరీక్ష తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. అక్కడ ఆ సౌకర్యం లేదు, తప్పిన కణం చచ్చిపోతుంది. నూటికి తొంభైకి పైగా అలాగే పోతాయి. ఇంత కఠినమైన పరీక్షలో కూడా కొన్ని దొంగచాటుగా బయటపడతాయి. అలాంటివి మీలోనూ ఉన్నాయి, నాలోనూ ఉన్నాయి. మరి మనందరికీ బొల్లి ఎందుకు రావడం లేదు?

పొలుసుల ఎలుక చెప్పిన రహస్యం

ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలాకాలం పట్టింది. కథ 1940 దశకంలో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ అనే చోట మొదలయింది. అక్కడి ప్రయోగశాలలో రేడియో ధార్మిక కిరణాల ప్రభావం తెలుసుకోవడానికి ఎలుకలు పెంచేవాళ్ళు. వాటిలో కొన్ని మగ ఎలుకలు పుట్టుకతోనే ఒళ్ళంతా పొలుసులతో ఉండేవి. వాటి ప్లీహమూ, లింఫు గ్రంథులూ బాగా వాచి ఉండేవి. కొద్ది వారాల్లో చచ్చిపోయేవి. ఆ పొలుసుల చర్మాన్ని బట్టే వాటికి ‘స్కర్ఫీ’ ఎలుకలు అని పేరు పెట్టారు. వాటి టీ-కణాలు సొంత అవయవాలనే తినేస్తున్నాయని తరవాతి కాలంలో తేలింది.

అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే ఇద్దరు, ఈ ఎలుకల్లో చెడిపోయిన జన్యువు ఏదో పట్టుకోవాలని కూచున్నారు. ఏళ్ళ తరబడి వెతికి, ఇరవై జన్యువుల్లో ఏదో ఒకటి అయి ఉండాలన్న దాకా వచ్చారు. ఒక్కొక్కటే పరీక్షించారు. పంతొమ్మిది అయ్యాయి, ఏమీ లేదు. ఇరవయ్యోది, చిట్టచివరిది, అసలు దొంగ! 2001లో వాళ్ళు దాన్ని ప్రకటించారు. దాని పేరు ఫాక్స్ పి-3. ఇదే జన్యువు మనిషిలో చెడితే పసిపిల్లలకు ప్రాణాంతకమైన ఆటోఇమ్యూన్ జబ్బు వస్తుందని కూడా చూపించారు.

ఇంకోపక్క జపాన్‌లో షిమోన్ సకగుచి మరో దారిలో వెతుకుతున్నాడు. పుట్టిన మూడో రోజున ఎలుకపిల్లల థైమస్ తీసేస్తే వాటి రక్షణ వ్యవస్థ నీరసపడాలి గదా? అలా జరగలేదు సరిగదా, అది సొంత అవయవాల మీదికి విరుచుకుపడింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టీ-కణాలు ఎక్కిస్తే దాడి ఆగింది. అంటే దాడి చేసే టీ-కణాలే కాక, దాడి ఆపే టీ-కణాలు కూడా ఉన్నాయన్నమాట! వాటిని ఆయన 1995లో గుర్తించి చూపించాడు. వీటినే రెగ్యులేటరీ టీ-కణాలు అంటారు. వీటిని తయారు చేసే జన్యువు ఫాక్స్ పి-3 అని 2003లో తేలడంతో రెండు దారులూ కలిశాయి. ఈ ముగ్గురికీ 2025లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్నకు జవాబు దొరికింది. దారి తప్పిన టీ-కణాలు అందరిలోనూ ఉన్నా, వాటి చెయ్యి పట్టుకుని ఆపే కణాలు కూడా ఉన్నాయి. కాబట్టే మనం బతుకుతున్నాం. మన రక్షణ వ్యవస్థ ఒట్టి సైన్యం కాదు. అది ఒక తక్కెడ. ఒక సిబ్బెలో దాడి, రెండో సిబ్బెలో అదుపు. రెండూ సరితూగాలి.

‘పెంచుకోండి’ అనే వాళ్ళను నమ్మకండి

2020లో కరోనా వచ్చిననాటినుంచీ ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అనే మాట మన చెవుల్లో ఇల్లు కట్టుకుంది. పొడులు, కషాయాలు, టానిక్కులు, బిస్కట్లు, అన్నీ ఇమ్యూనిటీని పెంచుతామనేవే. బొల్లి వచ్చిన పిల్లవాడి తల్లిదండ్రులకు కూడా ‘వాడికి రోగనిరోధక శక్తి తక్కువ, అది పెరగడానికి ఈ మందు వాడండి’ అని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఈ మాట మంచిది కాదని నా అభిప్రాయం. తక్కెడను ఎవరూ ‘పెంచరు’, సరిచేస్తారు.

దాడి సిబ్బె బరువు పెంచితే ఏమవుతుందో మనకు ఊహతో పని లేదు, తెలిసిన సంగతే ఒకటుంది. మెలనోసైట్లకు కాన్సర్ వస్తే దాన్ని మెలనోమా అంటారు. అది భయంకరమైనది. జేమ్స్ అలిసన్, తసుకు హోంజో అనే ఇద్దరు, టీ-కణాలకు సహజంగా ఉండే బ్రేకును తీసేస్తే అవి కాన్సర్ మీద తీవ్రంగా దాడి చేస్తాయని చూపించారు. వాళ్ళకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వైద్యం పొందిన మెలనోమా రోగుల్లో కొందరికి ఏం జరిగిందో తెలుసా? ఒంటి మీద తెల్లమచ్చలు వచ్చాయి. అలా మచ్చలు వచ్చినవాళ్ళే తరచు ఎక్కువ కాలం బతికారు. టీ-కణాలు చెడ్డ మెలనోసైట్లతో పాటు మంచివాటిని కూడా చంపాయన్నమాట. అక్కడ ప్రాణం దక్కింది గనక మచ్చలు పెద్ద నష్టం కాదు. కాని అదే దాడి, కాన్సర్ లేని పిల్లవాడిలో జరిగితే అది బొల్లి. బొల్లి ఉన్నవాళ్ళలో కొరత రక్షణ బలానికి కాదు, అదుపుకి.

సరే, అలాగైతే దాడిని పూర్తిగా అణిచేస్తే సరిపోతుందిగదా అని మీలో చురుకైనవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? రక్షణ వ్యవస్థను మొత్తంగా అణిచే మందులు మనకు చాలాకాలంగా ఉన్నాయి. కార్టిజోన్ అనే స్టెరాయిడును కనిపెట్టి వాడినవాళ్ళకు 1950లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ మందు ఎందరి ప్రాణాలో నిలిపింది. కాని దాన్ని ఇష్టం వచ్చినట్టు ఎక్కువకాలం మింగితే ఎముకలు గుల్లబారతాయి, పిల్లల ఎదుగుదల మందగిస్తుంది, మామూలుగా లొంగే క్రిములు కూడా చెలరేగుతాయి. చర్మానికి రాస్తే చర్మం పలచబడుతుంది. డాక్టరును అడక్కుండా దుకాణంలో స్టెరాయిడు ట్యూబు కొని నెలల తరబడి రాసుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కంచె చేను మేసిందని కంచెను తగలబెట్టడం అంటే ఇదే. ఆ తరవాత ఊళ్ళోని పశువులన్నీ చేలో పడతాయి.

మందులో తేడా ఎక్కడుందో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ చెబుతుంది. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు తయారయ్యాయి. పిల్లల్లో వచ్చే రక్తకాన్సరుకు వాటిని వాడారు. ఆయన 1948లో చనిపోయారు. 1951లో కొందరు అమెరికన్ డాక్టర్లు కీళ్ళజబ్బుకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తుంటే, వాళ్ళలో సోరియాసిస్ అనే పొలుసుల జబ్బు ఉన్నవారి చర్మం బాగుపడింది. సోరియాసిస్ కూడా రక్షణ వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చేదే. ఇప్పటికీ దానికి మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు. కాన్సర్‌కు ఇచ్చినంత మోతాదు కాదు, వారానికి ఒకసారి, చిన్న మోతాదు. అదే మందు పెద్ద మోతాదులో సంహారం, చిన్న మోతాదులో అదుపు. సమతూకం అంటే ఏమిటో అర్థమయిందిగదా?

మచ్చను మాన్పే మూడు పనులు

బొల్లి విషయంలో ఆ సమతూకం ఎలా తేవాలి? నా ఉద్దేశంలో అందులో మూడు పనులున్నాయి. ఒకటి, దాడి ఆపడం. రెండు, పోయిన రంగు కణాలను మళ్ళీ పిలవడం. మూడు, తిరిగి దాడి జరగకుండా కాపలా పెట్టడం.

మొదటిది దాడి ఆపడం. టీ-కణాలు మెలనోసైటును కొట్టేటప్పుడు గామా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది చుట్టుపక్కల చర్మకణాలకు తగులుతుంది. ఆ చర్మకణాలు కంగారుపడి, ఇంకా టీ-కణాలను రమ్మని పిలిచే రసాయనాన్ని వదులుతాయి. వచ్చినవి మళ్ళీ ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. ఇలా గొడవ గొడవను పెంచుతుంది. వీధిలో ఇద్దరు అరుచుకుంటే పదిమంది పోగై, ఆ పదిమంది అరుపులకు ఇంకో వందమంది వచ్చినట్టు!

ఇంటర్‌ఫెరాన్ తెచ్చిన వార్తను చర్మకణం లోపలికి మోసుకుపోయేవి జాక్ అనే ఎంజైములు. ఆ జాక్‌ను ఆపితే? వార్త అందదు, పిలుపు వెళ్ళదు, గుంపు చెదిరిపోతుంది. ఇలా పనిచేసే రుక్సోలిటినిబ్ అనే పైపూత మందును 2022 జూలైలో అమెరికా ప్రభుత్వ సంస్థ, పన్నెండేళ్ళు నిండిన బొల్లి రోగులకు అనుమతించింది. పరీక్షల్లో, ఆరు నెలలు రోజుకు రెండుసార్లు రాసుకున్నవారిలో పదిమందికి ముగ్గురి చొప్పున, ముఖం మీద మచ్చల్లో మూడొంతులకు పైగా రంగు తిరిగి వచ్చింది. మందులేని ఒట్టి పూత రాసుకున్నవారిలో అలా జరిగింది పదిమందిలో ఒకరికి అటూ ఇటూ. పదిమందికీ నయం కాలేదని నిరాశపడకండి. ఈ జబ్బులో రంగు తిరిగి రావడం కోసమే అనుమతి పొందిన మొట్టమొదటి మందు ఇది. అయితే దీనికీ ప్రమాదాలు లేకపోలేదు. డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే వాడాలి. ఖరీదు కూడా ఎక్కువే. ఈ ఖరీదు సంగతి మళ్ళీ చెబుతాను.

రెండోది రంగు కణాలను పిలవడం. దాడి ఆగినంత మాత్రాన మచ్చ మాయం కాదు. చచ్చిన మెలనోసైట్లు లేచి రావుగదా! అదృష్టవశాత్తూ వెంట్రుకల కుదుళ్ళలో మెలనోసైట్లకు మూలమైన కణాలు దాగి ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక చిన్న భాగం, 311 నానోమీటర్ల తరంగ దైర్ఘ్యం ఉన్నది, వాటిని లేపగలదు. అదే కిరణం చర్మంలోని టీ-కణాలను కూడా శాంతింపజేస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలలపాటు, ప్రత్యేకమైన దీపం ముందు నిలబెడతారు. అప్పుడు తెల్లమచ్చ మధ్యలో ఒక్కొక్క వెంట్రుక చుట్టూ గోధుమరంగు చుక్క మొలుస్తుంది. చుక్కలు పెరిగి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. వెంట్రుకలు లేని వేలి చివర్లలోనూ, పెదవుల మీదా రంగు రావడం ఎందుకు కష్టమో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఈ వెలుగు వైద్యం కొత్తదేమీ కాదు. బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూచోబెట్టడం మన దేశంలో ఏనాటినుంచో ఉంది. ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే మరో మొక్కను అలాగే వాడేవాళ్ళు. 1948లో కైరోకు చెందిన ఎల్ మోఫ్తీ అనే డాక్టరు ఆ మొక్కనుంచి తీసిన శుద్ధమైన పదార్థంతో బొల్లికి వైద్యం చేసి, ఫలితాలు ప్రకటించాడు. పెద్దలు చూసి తెలుసుకున్నదాన్ని విజ్ఞానం వడగట్టి, కొలిచి, ప్రమాదం లేకుండా చేస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. కొలత లేకుండా బావంచాలు పూసుకుని ఎండలో నిలబడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. గాయమైన చోట కొత్త మచ్చ రావడం బొల్లి లక్షణాల్లో ఒకటి. మొలతాడు ఒరుసుకునే చోటా, చెప్పుల పట్టీ రాసుకునే చోటా మచ్చలు కనిపించడానికి కారణం ఇదే. మందు పేరుతో చర్మం కాల్చుకుంటే జబ్బును మనమే పిలిచినట్టవుతుంది.

మూడోది కాపలా పెట్టడం. ఇది ఇంకా పూర్తి కాని పని. మచ్చ మానినా కొన్ని టీ-కణాలు పాత జ్ఞాపకంతో ఆ చోటనే మాటువేసి ఉంటాయి. అందుకే వైద్యం ఆపిన ఏడాదిలోపు ఇంచుమించు పదిమందిలో నలుగురికి, సరిగ్గా పాత చోటనే మచ్చలు మళ్ళీ వస్తాయి. బొల్లి ఉన్న చర్మంలో రెగ్యులేటరీ టీ-కణాలు తక్కువగా ఉన్నాయని పలువురు పరిశోధకులు గమనించారు. వాటిని పెంచడం ఎలా, చర్మంలోకి రప్పించడం ఎలా, మాటువేసిన కణాలను ఖాళీ చేయించడం ఎలా అని ఇప్పుడు ప్రయోగాలు జరుగుతున్నాయి. సమతూకం నిజంగా తిరిగి వచ్చిందని చెప్పగలిగేది ఈ మూడో పని నెరవేరినప్పుడే. ఆ పని చేసేవాళ్ళు మీలోంచి రావచ్చు.

మరి ఖరీదు?

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డు తగలవచ్చు. ‘బొల్లి ప్రాణం తియ్యదు, నొప్పి పెట్టదు. ప్రాణాలు తీసే జబ్బులకే డబ్బు చాలక చస్తుంటే, దీనికి ఇంత ఖర్చెందుకు?’ అని. ఆయన మాట పూర్తిగా తప్పు కాదు. కాని ఆ ప్రశ్న అడగవలసింది, ఉద్యోగం రాక, పెళ్ళి కాక, బడి మానేసి ఇంట్లో కూచున్నవాణ్ణి. జబ్బు ఎంత పెద్దదో అది ప్రాణం తీస్తుందా లేదా అన్న ఒక్క కొలతతోనే కొలవకూడదు. పైగా కొత్త మందు ఖరీదైనా, వెలుగు వైద్యానికి కావలసింది ఒక దీపపు గది మాత్రమే. జిల్లాకు ఒకటి చొప్పున అలాంటివి చక్కగా నడిస్తే, రోజు కూలీ పోగొట్టుకుని పట్నం చుట్టూ తిరగవలసిన పని ఉండదు. మచ్చ కొత్తగా ఉన్నప్పుడే వైద్యం మొదలుపెడితే ఫలితం ఎక్కువ కాబట్టి, దగ్గరలో వైద్యం ఉండడమే పెద్ద మందు.

ఇంకొకరు మరో వైపునుంచి అడుగుతారు. ‘మచ్చలున్నా మనిషి మనిషే గదా, వైద్యం చేయించుకోమనడం అంటే రంగు పిచ్చికి లొంగిపోవడం కాదా?’ అని. ఈ ప్రశ్న నాకు మరీ ఇష్టం. నా జవాబు ఇది. వైద్యం కావాలో వద్దో తేల్చుకోవలసింది ఆ ఒళ్ళు ఎవరిదో వాళ్ళు. మచ్చలతోనే హాయిగా ఉంటానంటే వాళ్ళ ఇష్టం, ఎండకు కాలకుండా ఆ చోట జాగ్రత్తపడితే చాలు. వద్దు, నా రంగు నాకు కావాలంటే అదీ వాళ్ళ హక్కు. కాని వాళ్ళు ఏది ఎంచుకున్నా, మన పక్కన కూచునే హక్కుకు ఆ మచ్చలతో సంబంధం లేదు. ‘నయమయ్యాక రా, అప్పుడు ఆడుకుందాం’ అనడానికి మనమెవరం?

బొల్లికి పాతకాలంలో శ్వేతకుష్ఠు అనే పేరు కూడా ఉండేది. సగం అనర్థం ఆ పేరు వల్ల వచ్చింది. కుష్ఠు వేరు, బొల్లి వేరు. కుష్ఠుకు కారణం ఒక బాక్టీరియా. నార్వేకు చెందిన హాన్సెన్ 1873లో దాన్ని చూశాడు. కుష్ఠు మచ్చ కాస్త పాలిపోయినట్టు ఉండి, తరచు స్పర్శ తెలియదు. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, స్పర్శ మామూలుగా ఉంటుంది. మచ్చ మీద గిల్లితే తెలియకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి. కుష్ఠుకు ఇప్పుడు మంచి మందులున్నాయి, వాడటం మొదలుపెట్టిన కొద్దికాలానికే అది ఇతరులకు అంటుకోదు. కాబట్టి ‘ఇది కుష్ఠు కాదు, వెలివెయ్యకండి’ అని నేను అనడం లేదు. కుష్ఠు అయినా వెలివెయ్యకూడదనే అంటున్నాను.

టీ-కణాలకు కళ్ళు లేవు, చదువు లేదు. సొంతవాణ్ణి పరాయివాడనుకుని అవి పొరబడ్డాయంటే అర్థం ఉంది. మనకు కళ్ళున్నాయి, చదువూ ఉంది. అయినా మా బళ్ళో మేమందరం అదే పొరపాటు చేశాం.

ఏటా జూన్ 25న ప్రపంచ విటిలిగో దినం జరుపుతారు. బళ్ళు తెరిచిన కొత్తలో వచ్చే రోజు అది. ఆ రోజు మీ ప్రార్థన సమావేశంలో ఎవరైనా లేచి, బొల్లి అంటే ఏమిటో ఐదు నిమిషాలు చెప్పండి. చేపలూ పాలూ కథ చెప్పే మామ్మకు కోపం తెప్పించకుండా అసలు సంగతి చెప్పండి. ‘ఇమ్యూనిటీ పెంచే’ డబ్బా ఎవరైనా ఇంటికి తెస్తే, దేనిని ఎంత పెంచుతుందో, అది ఎవరు కొలిచారో అడగండి.

అన్నిటికంటే ముందు ఆ ఖాళీ బెంచీ మీద వెళ్ళి కూచోండి. మచ్చ మానడానికి మందుకు ఆరు నెలలు కావాలి, ఏడాది కావాలి. మా వరండాలోని ఆ రెండో గ్లాసు తీసెయ్యడానికి ఒక్క నిమిషం చాలేది. ఆ నిమిషం మాకు దొరకలేదు. మీకు దొరకాలి.